ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్‌కి ఫారిన్ వెళ్తున్నారా? కొత్త ఫోన్ కన్నా ముందు పాత నంబర్ సంగతి చూడండి

ఒక్క సెమిస్టర్ కోసం విదేశం వెళ్తున్న స్టూడెంట్‌కి ఏ ఫోన్ మంచిది? జూలై, ఆగస్టు వచ్చాయంటే నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. చాలామంది యాభై, అరవై వేలు పక్కన పెట్టుకుని మరీ అడుగుతారు. ఈసారి అడిగింది మా ఇంటి మనిషే. చీరాల పక్కన వాడరేవులో ఉండే మా పిన్ని కూతురు బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతోంది. వాళ్ల కాలేజీకి జర్మనీలోని ఒక యూనివర్సిటీతో ఒప్పందం ఉంది. దాని కింద వింటర్ సెమిస్టర్ అక్కడ చదవడానికి సెలెక్ట్ అయింది. అక్టోబరు నుంచి మార్చి దాకా, ఆరు నెలలు.

"అన్నయ్యా, ఈ ఫోన్ తీసేసి ఐఫోన్ తీసుకుంటే బెటరా?" అని మొదలైంది విషయం. రెండు వీకెండ్లు వాడరేవులో కూర్చుని ఒక్కొక్కటీ చెక్ చేశాం. చివరికి కొత్త ఫోన్ కొనలేదు. మొత్తం ఖర్చు నాలుగు వేల లోపే. కానీ ఆ చెకింగ్‌లో బయటపడిన విషయాలు చూస్తే, అరవై వేల ఫోన్ కొని ఇవి వదిలేసి ఉంటే పిల్ల అక్కడ ఇరుక్కుపోయేదే. అవన్నీ వరుసగా చెప్తాను. మీరు వెళ్లేది ఏ దేశమైనా చాలావరకు పనికొస్తాయి.

ముందు డబ్బు లెక్క

జర్మనీ స్టూడెంట్ వీసాకి ఖర్చులకి డబ్బుందని చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ లెక్క నెలకు 992 యూరోలు. ఆరు నెలలకి 5,952 యూరోలు. స్కాలర్‌షిప్ లేనివాళ్లు ఎక్కువగా ఈ మొత్తాన్ని బ్లాక్డ్ అకౌంట్‌లో వేస్తారు. అక్కడికి వెళ్లి లోకల్ బ్యాంక్ అకౌంట్ తెరిచాక, నెలకింత చొప్పున అందులోకి వస్తుంది. అంటే మొదటి కొన్ని వారాలు చేతిలో పనిచేసేది ఇండియా బ్యాంక్ కార్డే.

ఆ కార్డుకి, ఆ బ్యాంక్ యాప్‌కి తాళంచెవి మీ ఇండియా నంబర్. ఓటీపీ రాకపోతే డబ్బు ఉండీ లేనట్టే. బాబాయ్‌ది సముద్రం మీద వేట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అలా కూడబెట్టిన డబ్బు ఒక ఎస్ఎంఎస్ రాక ఆగిపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. అందుకే రివ్యూ ఫోన్‌తో కాకుండా సిమ్‌తో మొదలుపెట్టాం.

నంబర్ ఆడిట్: ఒక కాగితం, అరగంట

ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గడులు గీయండి. ఏ సర్వీసు, దానికి ఏ నంబర్ లింకై ఉంది, ఆ సిమ్ ఇప్పుడు ఎవరి దగ్గరుంది, ఇంకా పనిచేస్తోందా. బ్యాంకు, యూపీఐ, ఆధార్, డిజీలాకర్, జీమెయిల్ రికవరీ, వాట్సాప్, కాలేజీ పోర్టల్, వీసా అప్లికేషన్ అన్నీ రాయండి.

మా చెల్లి కాగితంలో తేలినవి ఇవి. బ్యాంకుకి తన నంబరే ఉంది, బాగానే ఉంది. ఆధార్‌కి మాత్రం బాబాయ్ ఎప్పుడో వాడి వదిలేసిన నంబర్ ఉంది. జీమెయిల్ రికవరీకి ఇంటర్ హాస్టల్లో ఫ్రెండ్ నంబర్. ఆ అమ్మాయి ఇప్పుడు ఆ నంబర్ వాడట్లేదు. ఇది మా ఇంట్లోనే కాదు, మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఇంతే. చిన్నప్పుడు ఆధార్ తీసినప్పుడు ఎవరి ఫోన్ చేతిలో ఉంటే వాళ్ల నంబర్ ఇచ్చేసి ఉంటాం.

ఆధార్ నంబర్ మార్పుకి చీరాలలో ఆధార్ సెంటర్‌కి వెళ్లి వేలిముద్ర వేసి వచ్చింది. ఈ పని ప్రయాణానికి నెల ముందే పెట్టుకోండి. డిజీలాకర్‌లో ఆధార్ వెరిఫికేషన్‌కి వచ్చే ఓటీపీ ఆధార్‌కి లింకైన నంబర్‌కే వస్తుంది. మార్కుల మెమో కావాలని అక్కడి యూనివర్సిటీ అడిగిన రోజున ఇక్కడ ఆధార్ సెంటర్ క్యూలో మీ బదులు ఎవరూ నిలబడలేరు.

సిమ్ నాన్న దగ్గర వదిలేసి వెళ్లొద్దు

"సిమ్ నా ఫోన్‌లో వేసిపోవే, ఓటీపీ వస్తే నేను చెప్తాగా" అన్నాడు బాబాయ్. చాలా ఇళ్లలో చేసేది ఇదే. ప్రేమతో చెప్పే మాటే గానీ, ప్లాన్‌గా ఇది నిలబడదు. కారణాలు మూడు.

ఒకటి, టైమింగ్. బాబాయ్ తెల్లవారుజామున బోటెక్కితే ఫోన్ సిగ్నల్ తీరానికి కొంత దూరం వరకే. ఓటీపీకి గడువు కొన్ని నిమిషాలే.

రెండు, తుఫాన్లు. బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జర్మనీలో వింటర్ సెమిస్టర్ మొదలయ్యేది కూడా అప్పుడే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పుడు వాడరేవులో కరెంటు లేదు, ఫోన్లు చార్జింగ్ లేక ఒక్కొక్కటే ఆఫ్ అయ్యాయి. సరిగ్గా అలాంటి రోజున జర్మనీలో హాస్టల్ అద్దె కట్టాల్సి వస్తే?

మూడు, యాప్‌లు ఇప్పుడు సిమ్‌నే చూస్తున్నాయి. యూపీఐ యాప్ రిజిస్టర్ అయ్యేటప్పుడు ఆ ఫోన్‌లోని సిమ్ నుంచే ఎస్ఎంఎస్ పంపుతుంది. సిమ్ ఒకచోట, ఫోన్ ఒకచోట ఉంటే కుదరదు. 2025 నవంబరులో మన టెలికాం శాఖ వాట్సాప్, టెలిగ్రామ్ లాంటి యాప్‌లు కూడా రిజిస్టర్ అయిన సిమ్ ఫోన్‌లో ఉంటేనే పనిచేసేలా మారాలని ఆదేశాలిచ్చింది. దారి ఎటు పోతోందో తెలిసిపోతోంది కాబట్టి సిమ్ మీ ఫోన్‌లోనే, మీతోనే ఉండాలి.

"అక్కడి నంబర్‌తో యూపీఐ వాడొచ్చటగా?" అని చెల్లి అడిగింది. 2023 జనవరిలో ఎన్‌పీసీఐ విదేశీ నంబర్లకి అనుమతి ఇచ్చిన మాట నిజమే. కానీ అది ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకి. మొదటి జాబితాలో ఉన్నవి పది దేశాలే: సింగపూర్, అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా, హాంకాంగ్, ఒమన్, ఖతార్, సౌదీ అరేబియా, యూఏఈ, బ్రిటన్. జర్మనీ ఆ పదిలో లేదు. ఆరు నెలల ప్రయాణానికి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

నంబర్‌ని బతికించుకోవడం

ట్రాయ్ రూల్ ప్రకారం ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు అసలు వాడకపోతే దాన్ని ఆపేయొచ్చు. ఖాతాలో కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే నంబర్‌ని కొనసాగించే పద్ధతి కూడా ఉంది. ఆరు నెలలంటే 90 రోజులు రెండుసార్లు. దీన్ని నమ్ముకునే బదులు మొత్తం ఆరు నెలలు కవరయ్యే వాలిడిటీ రీచార్జ్ ముందే చేయించండి. డేటా అక్కర్లేదు, వాలిడిటీ ముఖ్యం.

తర్వాత మీ ఆపరేటర్ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేశారా? రోమింగ్ ప్యాక్ లేకపోయినా ఇన్‌కమింగ్ ఎస్ఎంఎస్ వస్తుందా? దానికి చార్జీ ఉందా? ఇవి ఆపరేటర్‌ని బట్టి, ప్లాన్‌ని బట్టి మారతాయి. అందుకే ఎవరో ఫ్రెండ్‌కి పనిచేసిందని వదిలేయకండి. రోమింగ్ ఇండియాలో ఉండగానే ఆన్ చేయించుకోవాలి. అక్కడికి వెళ్లాక ఆన్ చేయాలంటే దానికీ ఓటీపీ అడగొచ్చు!

ఇండియా సిమ్ మీద డేటా రోమింగ్ మాత్రం సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసి ఉంచండి. లేకపోతే విమానం దిగేలోపే ఫోటోల బ్యాకప్ మొదలై బిల్లు వాయిస్తుంది.

వైఫై కాలింగ్ ఉంటే దాన్నీ టెస్ట్ చేయండి. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేసి, బ్యాంక్ యాప్‌లో ఓటీపీ అడగండి. వస్తే వైఫై మీద ఎస్ఎంఎస్ పనిచేస్తోందన్నమాట. విదేశంలో గ్యారంటీగా వస్తుందని కాదు గానీ, ఇంట్లోనే రాకపోతే అక్కడ వచ్చే ఆశ లేదు. చెల్లి ఫోన్‌లో మొదట రాలేదు. సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేశాక వచ్చింది.

ఫిజికల్ సిమ్మా, ఈ-సిమ్మా?

నా సలహా సింపుల్. ఇండియా నంబర్ ఫిజికల్ సిమ్ మీద, అక్కడి నంబర్ ఈ-సిమ్ మీద. ఫోన్ స్క్రీన్ పగిలి చచ్చిపోతే ఫిజికల్ సిమ్ పిన్నుతో తీసి రూమ్‌మేట్ ఫోన్‌లో వేసుకుని ఆ నిమిషంలోనే ఓటీపీ చూడొచ్చు. ఇండియా ఈ-సిమ్‌ని మళ్లీ ఇంకో ఫోన్‌లోకి తెచ్చుకోవాలంటే ఆపరేటర్ వెరిఫికేషన్ అంతా దాటాలి.

మీ ఫోన్‌లో ఈ-సిమ్ ఉందో లేదో తెలియాలంటే *#06# డయల్ చేయండి. ఐఎంఈఐతో పాటు ఈఐడీ అనే పొడవాటి నంబర్ కనిపిస్తే ఉన్నట్టే. చెల్లి ఫోన్‌లో లేదు. అయినా రెండు సిమ్ స్లాట్లున్నాయి, సరిపోతుంది. రెండో స్లాట్‌లో ఉన్న మెమరీ కార్డు తీసేసి ఫోటోలు లాప్‌టాప్‌లోకి మార్చాం.

ఇక్కడే ఐఫోన్ కొనాలనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 2022లో వచ్చిన 14 సిరీస్ నుంచి సిమ్ ట్రేనే లేదు. ఐఫోన్ 17 నుంచి కెనడా, జపాన్, సౌదీ, యూఏఈ లాంటి మరికొన్ని దేశాల మోడళ్లకీ అంతే. ఐఫోన్ ఎయిర్ అయితే ఎక్కడ కొన్నా ట్రే ఉండదు. "అక్కడ చీప్‌గా వస్తుంది, వెళ్లాక కొందాంలే" అనుకుంటే మీ ఇండియా సిమ్ పెట్టడానికి చోటే ఉండదు.

జర్మనీలో 2017 జూలై నుంచి ప్రీపెయిడ్ సిమ్ కూడా ఐడీ వెరిఫికేషన్ అయ్యాకే యాక్టివేట్ అవుతుంది. ఎయిర్‌పోర్టులో దిగగానే సిమ్ చేతిలో పడుతుందని అనుకోకండి. పాస్‌పోర్టు, అడ్రస్ రెడీగా పెట్టుకోండి. ఈ-సిమ్ ఉన్న ఫోన్ అయితే మొదటి వారానికి డేటా మాత్రమే ఇచ్చే ట్రావెల్ ఈ-సిమ్ ముందే కొనుక్కోవచ్చు. దానికి మామూలుగా ఫోన్ నంబర్ ఉండదు, కాబట్టి అది స్టాప్‌గ్యాప్ మాత్రమే. ఒకసారి జర్మనీ సిమ్ వచ్చాక ఒక లాభం ఉంది. 2017 జూన్ నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఎక్కడికెళ్లినా రోమింగ్ అదనపు చార్జీ లేదు, ఎడాపెడా వాడితే తప్ప. స్విట్జర్లాండ్ మాత్రం యూనియన్‌లో లేదు, జాగ్రత్త.

బ్యాండ్లు: ఫోన్ మార్చాలా వద్దా తేల్చేది ఇదే

మీ ఫోన్ అక్కడి టవర్‌తో మాట్లాడగలదా అన్నదే అసలు ప్రశ్న. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి పూర్తి మోడల్ నంబర్ రాసుకోండి. పేరు ఒకటే అయినా ఇండియా మోడల్, యూరప్ మోడల్ బ్యాండ్లు వేరుగా ఉంటాయి. జర్మనీలో 4జీకి ముఖ్యంగా చూడాల్సినవి 1, 3, 7, 8, 20, 28 బ్యాండ్లు. 5జీకి ఎన్78 మన దగ్గరా, అక్కడా ఉంది.

ఇండియా బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి ఉండనిది బ్యాండ్ 20. అది 800 మెగాహెర్ట్జ్. దూరం పోతుంది, గోడల్లోంచి దూరుతుంది. పల్లెల్లో, బేస్‌మెంట్లలో తేడా తెలుస్తుంది. చెల్లి ఫోన్‌లో 20 లేదు గానీ 1, 3, 8, ఎన్78 ఉన్నాయి. సిటీలో ఉండే ఆరు నెలలకి ఇది చాలు. ఈ ఒక్క కారణానికి ఫోన్ మార్చక్కర్లేదని తేల్చాం.

జర్మనీలో 3జీ 2021లోనే మూతపడింది. కాబట్టి వోల్టీ పనిచేస్తే మంచిది. ఇండియాలో మన సిమ్‌లకి ఎలాగూ వాడుతున్నాం, అక్కడి సిమ్ వేశాక కాల్ చేసేటప్పుడు పైన 4జీ గుర్తు పోకుండా ఉందో లేదో చూసుకోండి.

ఒకవేళ కొత్త ఫోన్ కొంటే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు కొని వాడండి. సీల్ విప్పకుండా తీసుకెళ్లొద్దు. కొన్ని శాంసంగ్ ఫోన్లలో మొదట కొన్న ప్రాంతపు సిమ్‌తో ఐదు నిమిషాలు కాల్స్ మాట్లాడితేనే వేరే ప్రాంతపు సిమ్ తీసుకుంటుంది. చాలా ఫోన్లకి వారంటీ కూడా కొన్న దేశంలోనే.

చెల్లి ఫోన్‌కి ఉన్న అసలు జబ్బు బ్యాటరీ. మూడేళ్లది, మధ్యాహ్నానికే ఖాళీ. ఒంగోలు సర్వీస్ సెంటర్లో 1,900 రూపాయలకి కొత్త బ్యాటరీ వేయించాం. అక్కడి చలిలో లిథియం బ్యాటరీ ఇంకా త్వరగా దిగుతుంది కాబట్టి పాత బ్యాటరీతో వెళ్లడం దండగ.

ప్లగ్గులు, చార్జర్లు, రైస్ కుక్కర్

జర్మనీలో కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కాబట్టి కన్వర్టర్ అక్కర్లేదు. తేడా సాకెట్‌లోనే. అక్కడి సాకెట్ గోడలోకి గుండ్రంగా లోపలికి ఉంటుంది. మన ఫోన్ చార్జర్ల సన్నటి రెండు పిన్నులు పడతాయి. కానీ చార్జర్ ఒళ్లు లావుగా ఉంటే ఆ గుంతలోకి దిగదు, పిన్నులు అందవు. లాప్‌టాప్‌ల మూడు పిన్నుల ప్లగ్ అసలు పట్టదు.

దీనికి రెండు వేల యూనివర్సల్ అడాప్టర్ కొనక్కర్లేదు. లాప్‌టాప్ అడాప్టర్ ఇటుకకి, గోడకి మధ్య ఉండే కేబుల్ విడిగా ఊడి వస్తుంది. ఆ కేబుల్ ఒక్కటే యూరప్ ప్లగ్‌తో కొంటే చాలు. మాకు 250 అయింది. కొనేముందు మీ ఇటుకకి ఉన్న రంధ్రం మూడు ఆకుల ఆకారంలో ఉందా, పెద్ద మూడు పిన్నులదా చూసి అదే తీసుకోండి. మిగతావాటికి 300 రూపాయల్లో ఒక మామూలు అడాప్టర్ తీసుకున్నాం.

పిన్ని రైస్ కుక్కర్ కూడా పంపుతానంది. వోల్టేజ్ సమస్య లేదు గానీ, ఎర్త్ లేని చిన్న అడాప్టర్ మీద కుక్కర్, కెటిల్ లాంటివి పెట్టకూడదు. బరువూ దండగే. అక్కడే చిన్నది కొనుక్కోమన్నాం. లాప్‌టాప్ మాత్రం ఇక్కడిదే నయం. అక్కడ షాపుల్లో ఉండే కీబోర్డుల్లో వై, జెడ్ అక్షరాలు తారుమారుగా ఉంటాయి. కోడ్ కొట్టేటప్పుడు ప్రాణం పోతుంది.

పవర్ బ్యాంక్ చెక్-ఇన్ సామానులో వేయకూడదు, హ్యాండ్ బ్యాగ్‌లోనే. 100 వాట్-అవర్ లోపు ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్-అవర్, ఇబ్బంది లేదు. చెల్లి హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా వెళ్తోంది. ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి ఒక్క పవర్ బ్యాంక్‌కే అనుమతిస్తోంది, అదీ విమానంలో వాడకూడదు. కాబట్టి ఎక్కేలోపే ఫోన్ ఫుల్ చార్జ్ చేసుకోండి.

ఇక సామాను తూచే డిజిటల్ స్కేల్ కొనాలా అని అడిగింది. చేపలు తూచే కాటా ఇంట్లోనే ఉంది కదా! సూట్‌కేస్ దానికే తగిలించాం.

ఫోన్ పోతే? కాగితమే కాపాడుతుంది

గూగుల్ అకౌంట్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ కింద పది బ్యాకప్ కోడ్స్ ఇస్తుంది. ప్రింట్ తీసి ఒకటి పాస్‌పోర్టు కవర్లో, ఒకటి పిన్ని బీరువాలో పెట్టాం. యూనివర్సిటీ లాగిన్‌కి ఆథెంటికేటర్ యాప్ వాడితే దాన్ని లాప్‌టాప్‌లోనో పాత ఫోన్‌లోనో కూడా సెట్ చేసుకోండి. తీసేద్దామనుకున్న పాత ఫోన్‌ని అమ్మొద్దు. అదే మీ స్పేర్.

బ్యాంక్ కార్డులో ఇంటర్నేషనల్ వాడకం 2020 నుంచి మామూలుగా ఆఫ్‌లోనే వస్తుంది. యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసి, రోజువారీ లిమిట్ తక్కువగా పెట్టుకోండి. కొన్ని విదేశీ వెబ్‌సైట్లు ఓటీపీ అడక్కుండానే డబ్బు లాగేస్తాయి కాబట్టి ఆ లిమిటే మీ గోడ.

ప్లే స్టోర్ దేశం మార్చే తొందర వద్దు. ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తుంది. జర్మనీ యాప్ ఏదైనా కనిపించకపోతే అక్కడికి వెళ్లాక రెండో గూగుల్ అకౌంట్ చేసుకుని దాంతో దించుకోవచ్చు. జర్మన్ భాష ఆఫ్‌లైన్ ట్రాన్స్‌లేట్, ఊరి ఆఫ్‌లైన్ మ్యాప్ ఇంటి వైఫైలోనే దించి ఉంచండి.

అందరూ మర్చిపోయే గ్యాడ్జెట్: అమ్మ ఫోన్

నిజానికి రెండో వీకెండ్ మొత్తం దీనికే పోయింది. వెళ్లే మనిషి ఫోన్ మీదే అందరి ధ్యాస. ఆరు నెలలు అవతల పక్క ఫోన్ ఎత్తే మనిషి చేతిలో ఏముందో ఎవరూ చూడరు.

పిన్ని ఫోన్ చార్జింగ్ పోర్టులో చిలుము పట్టి ఉంది. సముద్రం ఒడ్డున ఉప్పుగాలికి ఇది మామూలే. కేబుల్ ఒక కోణంలో పట్టుకుంటేనే ఎక్కుతోంది. క్లీన్ చేయించి, వంటింటి కిటికీ దగ్గర్నుంచి చార్జింగ్ స్పాట్‌ని లోపలి గదికి మార్చాం. స్టోరేజ్ నిండిపోయి వాట్సాప్ కాల్ మధ్యలో ఆగిపోతోంది. గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేస్తే తొమ్మిది జీబీ ఖాళీ అయింది. అక్షరాలు పెద్దవి చేసి, చెల్లి ఫోటోతో షార్ట్‌కట్ హోమ్ స్క్రీన్ మీద పెట్టాం. నొక్కితే కాల్, అంతే.

టైమ్ లెక్క కూడా గోడ మీద రాసిపెట్టాం. జర్మనీ మనకన్నా ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారం మారుతుంది. బాబాయ్ రాత్రి తొమ్మిదికి పడుకుంటాడు. చలికాలంలో చెల్లికి సాయంత్రం ఐదింటికి క్లాసు అయ్యేసరికి ఇక్కడ తొమ్మిదిన్నర. అంటే సాయంత్రం కాల్ అనుకుంటే నాన్నతో మాట్లాడటం కుదరదు. అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నరకి లంచ్ బ్రేక్‌లో చేస్తే ఇక్కడ సాయంత్రం ఐదు. ఇద్దరూ దొరికే టైమ్ అదే.

తుఫాను రోజుల కోసం మూడు ఏర్పాట్లు. వైఫై రూటర్‌కి 1,400 రూపాయల మినీ యూపీఎస్, రూటర్ వోల్టేజ్ చూసి కొన్నాం. కరెంటు పోయినా కొన్ని గంటలు నడుస్తుంది. ఇంట్లో మూల పడున్న బటన్ ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ వేసి చార్జ్ చేసి పెట్టాం. చీరాలలో మా మేనత్త నంబర్, హైదరాబాద్‌లో నా నంబర్ చెల్లి దగ్గర కాగితం మీద. టవర్ పడిపోతే ఎవరికి చేయాలో ముందే తెలిస్తే పరాయి దేశంలో రాత్రంతా నిద్ర లేకుండా కూర్చోనక్కర్లేదు.

చివరిది అన్నిటికన్నా ముఖ్యం. పిల్లలు విదేశంలో ఉన్న ఇళ్లకి "మీ అమ్మాయిని పోలీసులు పట్టుకున్నారు, వెంటనే డబ్బు పంపండి" అని ఫోన్లు వస్తున్నాయి. ఇప్పుడు గొంతు కూడా అచ్చం అలాగే తయారు చేయగలుగుతున్నారు. అందుకే ఇంట్లో ఒక రహస్య మాట పెట్టుకున్నాం. ఏ చేప పేరో, ఎవరి ముద్దుపేరో ఏదైనా సరే, వాట్సాప్‌లో మాత్రం రాయొద్దు. డబ్బు మాట వస్తే ఆ మాట అడగాలి. చెప్పలేకపోతే ఫోన్ పెట్టేసి చెల్లి నంబర్‌కి మనమే చేయాలి. మోసపోయినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. పిన్ని చేత ఇది రెండుసార్లు రిహార్సల్ చేయించాం. రెండోసారి నేనే గొంతు మార్చి చేస్తే, "మాట చెప్పు నాన్నా ముందు" అంది. పాస్!

వేరే దేశాలకి వెళ్లేవాళ్లకి

అమెరికా: 120 వోల్టులు, 60 హెర్ట్జ్, చదునైన పిన్నులు. ఫోన్, లాప్‌టాప్ చార్జర్ మీద 100-240 వోల్టులు అని రాసి ఉంటే ఓకే. మన మిక్సీ, కుక్కర్ పనిచేయవు. బ్యాండ్లలో 12, 13, 66, 71 చూడండి, ఇండియా ఫోన్లలో కొన్ని ఉండవు. కొన్ని నెట్‌వర్క్‌లు తమ లిస్టులో ఉన్న మోడళ్లనే తీసుకుంటాయి. తెలంగాణ గురుకులాల నుంచి కొందరు పిల్లలు కెనడీ-లూగర్ యస్ ప్రోగ్రామ్ కింద అమెరికా వెళ్లొచ్చారు. అది 2002లో మొదలైన స్కూల్ పిల్లల ఎక్స్చేంజ్. అక్కడి కుటుంబంతో ఉండి చదవాలి. ఆ వయసు పిల్లలకి బ్యాంక్, ఆధార్ నంబర్లు తరచూ తల్లిదండ్రులవే కాబట్టి ఇంటివైపు ఫోన్ సిద్ధం చేయడం ఇంకా ముఖ్యం.

బ్రిటన్: 230 వోల్టులే, కానీ మూడు దీర్ఘచతురస్రపు పిన్నులు. యూరప్ అడాప్టర్ పనికిరాదు.

ఆస్ట్రేలియా: 2024లో 3జీ పూర్తిగా మూసేశారు. ఎమర్జెన్సీ కాల్ 4జీ మీద చేయలేని ఫోన్లని అక్కడి నెట్‌వర్క్‌లు బ్లాక్ చేస్తాయి. మీ మోడల్ నంబర్‌ని ఆపరేటర్ సైట్‌లో ముందే చెక్ చేసుకోండి.

జపాన్: 100 వోల్టులు, అమెరికా లాంటి రెండు చదును పిన్నులు.

మా తీర్పు

ఏం కొనాలి: ఫోన్ పాతదైతే కొత్త బ్యాటరీ, లాప్‌టాప్‌కి ఆ దేశపు కేబుల్, ఒక చిన్న అడాప్టర్, ఇంటి రూటర్‌కి మినీ యూపీఎస్. మాకు 1,900, 250, 300, 1,400 కలిపి 3,850 రూపాయలు.

ఏం వద్దు: ఖరీదైన యూనివర్సల్ అడాప్టర్, సీల్ విప్పని కొత్త ఫోన్, రెండో పవర్ బ్యాంక్, లగేజ్ స్కేల్.

ఎప్పుడు ఫోన్ మార్చాలి: ఆ దేశపు ముఖ్యమైన బ్యాండ్లు ఏవీ లేకపోతే, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోతే, లేదా ఆ దేశంలో మీ మోడల్‌ని బ్లాక్ చేస్తుంటే. అంతకుమించి కారణం అవసరం లేదు.

క్యాలెండర్: నెల ముందు నంబర్ ఆడిట్, ఆధార్ మార్పు. మూడు వారాల ముందు బ్యాటరీ, బ్యాండ్ చెక్. రెండు వారాల ముందు రోమింగ్, వాలిడిటీ, కార్డు సెట్టింగ్స్. వారం ముందు అమ్మ ఫోన్, రహస్య మాట, బ్యాకప్ కోడ్స్ ప్రింట్. ముందు రోజు ఏరోప్లేన్ మోడ్ ఓటీపీ టెస్ట్ ఇంకోసారి.

ఫోన్ అక్కడా దొరుకుతుంది, కేబుల్ అక్కడా దొరుకుతుంది. మీ పేరు మీద ఉన్న ఇండియా నంబర్, ఇంటి దగ్గర ఎత్తే ఫోన్, ఈ రెండూ మాత్రం అక్కడ ఏ షాపులోనూ దొరకవు. ఆ రెండూ సరిచేసుకున్నాకే సూట్‌కేస్ జిప్ వేయండి.